కెమెరా కన్నా దాని డబ్బాకే ఖరీదెక్కువ!

ఈసారి వచ్చిన ఉత్తరం బాగా పెద్దది. పేరు బయటపెట్టొద్దన్నారు కాబట్టి పెట్టడం లేదు, విషయం మాత్రం కుదించి చెబుతాను. ఆవిడకు 38 ఏళ్లు. తమ్ముడు నేర్పితే రెండేళ్లుగా ఫ్రీడైవింగ్ చేస్తున్నారు. సిలిండర్ లేకుండా, బిగబట్టిన ఊపిరి మీదే 15 నుంచి 18 మీటర్ల దాకా దిగి రాగలరు. చేతిలో ఉన్నది చిన్న యాక్షన్ కెమెరా. దాంతో తీసినవన్నీ నీలంగా, మసకగా, చేప ఎక్కడో చుక్కలా వస్తున్నాయని బాధ. ఇంట్లో ఐదేళ్ల క్రితం కొన్న మంచి మిర్రర్‌లెస్ కెమెరా ఉంది. దాన్ని నీళ్లలో వాడాలంటే హౌసింగ్ (నీళ్లు చొరబడని గట్టి డబ్బా) కావాలి కదా అని ధర అడిగితే కళ్లు తిరిగాయట. ఒక్క హౌసింగే కెమెరా కన్నా ఎక్కువ. దానికి లెన్స్ ముందుండే బోర్లించిన గిన్నెలాంటి డోమ్ పోర్టు వేరే, మధ్యలో వచ్చే ఎక్స్‌టెన్షన్ రింగు వేరే, బయటి నుంచి జూమ్ తిప్పే జూమ్ గేర్ వేరే, వాక్యూమ్ పంపు వేరే, ట్రే, ఆర్మ్‌లు, నీళ్లలో వాడే ఫ్లాష్‌లు, అంటే రెండు స్ట్రోబ్‌లు... అన్నీ కలిపితే ఆరు నెలల జీతం. దాచుకున్నది అందులో సగానికి కాస్త ఎక్కువ.

మిగతాదానికి అప్పు చేయాలి. లేదంటే తమ్ముడు "అక్కా, సగం నేను వేస్తా, ఇద్దరం కలిపి కొందాం" అంటున్నాడు, దానికి ఒప్పుకోవాలి. భర్తను అడిగితే "నీ ఇష్టం" అని ఊరుకున్నారు. ఇంతలో వాళ్ల గ్రూపులో ఒక సీనియర్ తన పాత సెట్టును కెమెరాతో సహా సగం ధరకి ఇస్తానన్నారు. ఒకసారి కొంచెం నీళ్లు వెళ్లాయనీ, సర్వీసు చేయించాననీ ఆయనే చెప్పారట. ఉత్తరం చివర్లో ఇంకో వాక్యం ఉంది. "పోయిన నెల ఒక తాబేలు వెనకాల కాస్త ఎక్కువసేపు ఉండిపోయాను, పైకొచ్చాక తల రెండు మూడు సెకన్లు వణికింది, తమ్ముడు పట్టుకున్నాడు, అంతకుమించి ఏమీ కాలేదు." ఆ వెంటనే అసలు ప్రశ్న: "ఇంత ఖర్చు పెట్టాలనుకోవడం అత్యాశా? కొనాలా, వద్దా?"

అత్యాశేమీ కాదండీ. ఇష్టమైన పనికి సొంత సంపాదన దాచుకున్నారు, అందులో తప్పేముంది? కానీ మీరు ధరలన్నీ పేజీలకు పేజీలు రాసి, ఆ తాబేలు సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశారు. నేను ముందు అక్కడే ఆగుతాను.

తల అలా వణకడాన్ని ఫ్రీడైవర్లు సాంబా అంటారు. మెదడుకి ఆక్సిజన్ తగ్గి ఒంటి మీద అదుపు తప్పడం అది, స్పృహ పోవడానికి ముందు మెట్టు. లోతు నుంచి పైకి వస్తున్నకొద్దీ చుట్టూ ఒత్తిడి తగ్గుతుంది, దాంతో ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ పీడనం కూడా గబగబా పడిపోతుంది. అందుకే అడుగున ఉన్నంతసేపూ అంతా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. స్పృహ తప్పడాలు ఎక్కువగా జరిగేది చివరి పది మీటర్లలో, లేదా తల బయటపెట్టిన తర్వాత. ఆ రోజు మీ తమ్ముడు చెయ్యి చాపే దూరంలో ఉన్నాడు కాబట్టి సరిపోయింది. "ఏమీ కాలేదు" అని మాత్రం దయచేసి అనుకోకండి.

కెమెరాతో దిగినప్పుడు ఇది జరగడానికి కారణాలున్నాయి. ఊపిరి కావాలని ఒళ్లు అడుగుతూనే ఉంటుంది, కళ్లూ మనసూ స్క్రీన్ మీద ఉంటే ఆ పిలుపు వినిపించదు. తాబేలు వెంట ఫిన్స్ (కాళ్లకు తొడిగే రెక్కలు) కొడితే తొడ కండరాలు ఆక్సిజన్ తినేస్తాయి. చేతిలో ఉన్న వస్తువు నీటిని అడ్డుకుంటుంది, దాన్ని తోసుకుంటూ వెళ్లాలి. ఇదంతా అరచేతిలో పట్టే యాక్షన్ కెమెరాతోనే జరిగింది. మీరు కొందామనుకుంటున్నది రెండు చేతులతో పట్టుకునే వస్తువు. దిగేటప్పుడు ముక్కు పట్టుకుని ఈక్వలైజ్ చేయడానికి, అంటే చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోవడానికి, ఒక చెయ్యి ఖాళీగా ఉండాలి, అంటే మొత్తం బరువూ అడ్డూ ఒక్క మణికట్టు మీద పడతాయి. డోమ్‌లో గాలి ఉంటుంది కాబట్టి అది పైకి లేస్తూ చేతిని మెలిపెడుతుంది కూడా.

కాబట్టి మీరూ మీ తమ్ముడూ ఒక ఒప్పందానికి రండి. చేతిలో కెమెరా ఉన్న రోజు ఎనిమిది, పది మీటర్లు దాటేది లేదు. పైకొచ్చాక కనీసం డైవ్‌కి రెట్టింపు సమయం విశ్రాంతి. దిగేముందు గబగబా ఎగశ్వాసలు తీయకూడదు. మీరు దిగినప్పుడు తమ్ముడు పైనే ఉండి చూస్తాడు, వచ్చేటప్పుడు ఎదురొస్తాడు, తల బయటపెట్టాక అర నిమిషం పాటు మీ ముఖం మీంచి చూపు తిప్పడు. ఎప్పుడైనా మళ్లీ వణుకు వస్తే ఆ రోజుకి డైవింగ్ అయిపోయినట్టే.

పది మీటర్లేనా అని నిరుత్సాహపడకండి, మీకు కావలసిన వెలుగు ఉండేది అక్కడే. నీరు అన్నిటికన్నా ముందు ఎరుపును మింగుతుంది. ఐదారు మీటర్లు దిగేసరికి ఎరుపు చాలావరకు పోతుంది, తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు. చాలామంది మరిచిపోయేది ఇంకొకటుంది. వెలుగు పైనుంచి చేప దాకా దిగిన దూరంతో పాటు, చేప నుంచి మీ లెన్స్ దాకా వచ్చే దూరం కూడా లెక్కలోకే వస్తుంది. ఐదు మీటర్ల లోతులో ఉన్న చేపను నాలుగు మీటర్ల అవతల నుంచి తీస్తే, ఆ వెలుగు తొమ్మిది మీటర్ల నీళ్లు దాటి వచ్చినట్టు. ఆ మధ్యలో నలకలు ఉండనే ఉంటాయి. మీ ఫొటోల్లో నీలానికీ మసకకీ సగం కారణం ఇదే. ఎంత డబ్బు పోసి ఏ కెమెరా కొన్నా ఇది మారదు. మీటరు లోపుకి వెళ్లి తీయాలి. వెంటపడితే జీవులు దగ్గరికి రానివ్వవు, తాబేలు తోక మాత్రమే దొరుకుతుంది. స్కూబా వాళ్లకు లేని సదుపాయం మీకుంది, మీ దగ్గర బుడగల చప్పుడు ఉండదు. కదలకుండా ఒక పక్కన ఉంటే చాలాసార్లు అవే దగ్గరికొస్తాయి.

ఇప్పుడు ఆ ధరల పట్టిక తీయండి. అందులో మీకు అక్కర్లేనివి చాలా ఉన్నాయి, ఎందుకంటే అది స్కూబా డైవర్ కోసం రాసిన పట్టిక. మొదట రెండు స్ట్రోబ్‌లు, వాటి ఆర్మ్‌లు, క్లాంప్‌లు, కేబుళ్లు కొట్టేయండి. నీళ్లలో స్ట్రోబ్ వెలుగు బాగా పనిచేసేది మీటరు, మీటరున్నర దూరం వరకే. ఆ ఆర్మ్‌లు రెండు పక్కలకీ చాచుకుని ఉంటే ఊపిరి బిగబట్టి దిగేవాళ్లకి అదొక నరకం. బెల్జియం ఫ్రీడైవర్ ఫ్రెడ్ బుయిల్ సొరచేపల్నీ తిమింగలాల్నీ ఒక్క ఊపిరి మీద, నీళ్లలో ఉన్న వెలుగుతోనే ఫొటోలు తీసి పేరు తెచ్చుకున్నారు. చిన్న చిన్న పురుగుల్లాంటి జీవుల్ని దగ్గరగా తీయాలన్న కోరిక మీ ఉత్తరంలో నాకెక్కడా కనిపించలేదు, కాబట్టి ఇవి లేకపోతే మీకు లోటేమీ ఉండదు. పట్టికలో పెద్ద ముక్క ఇక్కడే ఎగిరిపోతుంది.

తర్వాత హౌసింగ్. అది అంత ఖరీదు ఎందుకంటే, ఒక్కో కెమెరా మోడల్‌కి ఒక్కో హౌసింగ్ తయారుచేయాలి. కెమెరా మీదున్న ప్రతి బటన్‌కీ బయట ఒక కడ్డీ, దానికొక స్ప్రింగు, నీళ్లు రాకుండా దానికొక ఓ-రింగు, అంటే రబ్బరు చుట్టు. మంచివాటిని అల్యూమినియం దిమ్మని మెషీన్ మీద చెక్కి చేస్తారు, అమ్ముడయ్యేవి కొన్నే. ఈ ధరలో మీకు పనికిరాని లోతుకి కూడా డబ్బు కడుతున్నారు. ప్రతి పది మీటర్లకీ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది, అంటే మీరు వెళ్లే పది మీటర్ల దగ్గర ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు. 60, 100 మీటర్లకు చేసిన అల్యూమినియం హౌసింగ్ మీకెందుకు? పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసినవి తేలిగ్గా ఉంటాయి, ధర తక్కువ, మీ లోతుకి ధారాళంగా సరిపోతాయి. అలాగని అలల్లో సర్ఫింగ్ తీయడానికి చేసే హౌసింగ్‌ల జోలికి మాత్రం వెళ్లకండి. వాటిలో చాలావాటి హద్దు పది మీటర్ల దగ్గరే. మీ పనీ హద్దూ ఒకచోటే ఉంటే, చెయ్యి జారిన రోజున కెమెరా పోయినట్టే.

డోమ్ గురించి కూడా ఒక మాట. చదునైన గాజు వెనక నుంచి తీస్తే నీళ్లలో అన్నీ మూడో వంతు పెద్దవిగా కనిపిస్తాయి, ఫ్రేమ్ ఇరుకైపోతుంది. ఆ వెడల్పు తిరిగి తెచ్చేది డోమ్. మామూలు వైడ్ లెన్స్‌కి పెద్ద డోమ్ కావాలి, లేకపోతే అంచులు చెదిరిపోతాయి. ఇంకా చాలా వెడల్పుగా చూసే ఫిష్ ఐ లెన్స్ అయితే చిన్న డోమ్‌తో చక్కగా పనిచేస్తుంది. చిన్న డోమ్ అంటే తక్కువ ధర, తక్కువ తేలుడు, నీటికి తక్కువ అడ్డు. జూమ్ లేని ఫిష్ ఐ తీసుకుంటే జూమ్ గేర్ ఖర్చూ పోయింది. సగం నీళ్లలో సగం బయట ఉండే ఫొటోల మీద మోజుంటే మాత్రం పెద్ద డోమే కావాలి. ఏ లెన్స్‌కి ఏ పోర్టు, ఎంత రింగు అన్నది హౌసింగ్ కంపెనీ పోర్ట్ చార్ట్‌లో ఉంటుంది, అది చూడకుండా ఏదీ కొనకండి. వాక్యూమ్ పంపు మాత్రం కొట్టేయకండి. హౌసింగ్ లోపలి గాలిని లాగేసి, నీళ్లలో దిగకముందే లీకు ఉందో లేదో చెప్పేది అదే.

ఇలా కొట్టేయగా మిగిలినది మీ దాచుకున్న డబ్బుకి దగ్గరగా వస్తుందనుకుంటున్నాను. అయినా సొంత కెమెరాకి హౌసింగ్ కొనేముందు రెండు విషయాలు ఆలోచించండి. హౌసింగ్ ఆ ఒక్క మోడల్‌కే సరిపోతుంది. మీ కెమెరా ఇప్పటికే ఐదేళ్లది. రేపు అది పాడై కొత్త మోడల్ కొంటే హౌసింగ్ అలంకారానికి తప్ప ఎందుకూ పనికిరాదు. డోమ్ పోర్టు మాత్రం అదే కంపెనీ వేరే హౌసింగ్‌కి చాలాసార్లు పనికొస్తుంది. కాబట్టి డోమ్ మీద డబ్బు పెట్టడానికి వెనకాడకండి, హౌసింగ్ దగ్గరే గీసి గీసి బేరమాడండి. రెండోది, నీళ్లు వెళ్లాయంటే మీ ఇంటి కెమెరా, నేల మీద వాడుకుంటున్నది కూడా, పోతుంది. మామూలు కెమెరా బీమాల్లో నీటి నష్టాన్ని మినహాయించేవి ఎక్కువ. రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

సీనియర్ ఇస్తానన్న సెట్టు మీద నాకు ఆసక్తి ఉంది, ఆయన చెప్పిన ధర మీద మాత్రం లేదు. ఉప్పునీళ్లు వెళ్లిన కెమెరా సర్వీసు తర్వాత పనిచేస్తున్నా, లోపల తుప్పు మెల్లగా దాని పని అది చేసుకుపోతుంది. అందుకే ఆ కెమెరా విలువ సున్నా అనుకుని, హౌసింగ్‌కీ డోమ్‌కీ మాత్రమే ధర కట్టండి. అదే మోడల్ పాత బాడీ (లెన్స్ లేని కెమెరా) విడిగా దొరుకుతుంది. హౌసింగ్ లోపల కెమెరా లేకుండా టిష్యూ పేపరు పెట్టి మూసి, వాక్యూమ్ లాగి రాత్రంతా ఉంచమనండి. మర్నాడు సీసం కట్టి తాడు మీద మీరు వెళ్లే లోతు కన్నా ఎక్కువకి దించి, పైకి తీసి చూడండి. టిష్యూ ఎక్కడ తడిస్తే లీకు అక్కడ. ఓ-రింగు కూర్చునే గాడిలో వేలు పెట్టి తిప్పండి, గీత తగిలితే వదిలేయండి. ప్రతి బటన్ నొక్కి తిరిగి పైకి వస్తోందో లేదో చూడండి. యాక్రిలిక్ డోమ్ మీద సన్నగీతలుంటే కంగారు పడక్కర్లేదు, నీళ్లలో కనిపించవు, పాలిష్ కూడా చేయించుకోవచ్చు. గాజు డోమ్ మీద గీతకి మందు లేదు. ఇవన్నీ చూస్తానంటే ఆయన విసుక్కున్నారనుకోండి, మీకు జవాబు దొరికినట్టే.

యాక్షన్ కెమెరాతోనే ఇంకొన్నాళ్లు ఉండటం కూడా నా దృష్టిలో మంచి దారే. మీరు దానికి ఇంకా పూర్తి అవకాశం ఇవ్వలేదు. గోప్రో లాంటివి కేసు లేకుండా 10 మీటర్ల వరకే, కేసుతో 60 మీటర్ల దాకా వెళ్తాయి. మీరు 18 మీటర్లకి కేసు లేకుండా తీసుకెళ్తున్నారేమో ఒకసారి చూసుకోండి. ఎర్ర ఫిల్టరు పెట్టండి, రా ఫైళ్లు (రంగులు తర్వాత సరిచేసుకోవడానికి వీలుండే ముడి ఫొటోలు) తీయండి, ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు సూర్యుడిని వీపు వెనక పెట్టుకుని, మీటరు లోపు నుంచి తీయండి. తేడా మీకే తెలుస్తుంది. దీనికి ఒక పరిమితి ఉంది. సెన్సర్ చిన్నది కాబట్టి వెలుగు తగ్గితే ఫొటో నూకలు నూకలుగా వస్తుంది, పెద్ద ప్రింటు వేసుకోలేరు. దీనికీ హౌసింగ్‌కీ మధ్యస్థంగా ఓఎం సిస్టమ్ టీజీ-7 లాంటి చిన్న కాంపాక్ట్ కెమెరాలు ఉన్నాయి. అది హౌసింగ్ లేకుండానే 15 మీటర్ల దాకా తట్టుకుంటుంది, రా ఫైళ్లు ఇస్తుంది, వైడ్ లెన్స్ తగిలించుకోవచ్చు. చేతికి భారం ఉండదు. మిర్రర్‌లెస్ అంత బాగా మాత్రం రాదు, ఒకటి రెండేళ్లకి మళ్లీ మనసు అటే లాగొచ్చు. అప్పుడు రెండుసార్లు ఖర్చు.

తమ్ముడి డబ్బు సంగతి. అతను ప్రేమగానే అన్నాడు, సందేహం లేదు. కానీ సగం డబ్బు వేసినవాడికి సగం ఫొటోలు తీయాలనీ, ఫ్రేములో ఉండాలనీ అనిపించడం సహజం. ఉన్నది మీరిద్దరే. అతను కింద మీ ఎదురుగా ఉంటే పైన కాపలా ఎవరు? కలిపి కొనాలనుకుంటే మూడో మనిషి లేకుండా ఎవరూ ఫ్రేములో ఉండకూడదని ముందే మాట అనుకోండి. నీళ్లు వెళ్తే ఎవరు కట్టాలి, ఎప్పుడైనా అమ్మితే ఎలా పంచుకోవాలి అన్నది కూడా ఒక కాగితం మీద రాసుకోండి. అక్కాతమ్ముళ్ల మధ్య కాగితాలేమిటని నవ్వుతాడేమో, నవ్వనివ్వండి.

అప్పు చేయొద్దనే నా అభిప్రాయం. వడ్డీ ఒక్కటే కారణం అయితే ఇంత గట్టిగా చెప్పేదాన్ని కాదు. నెలనెలా వాయిదా కడుతున్న కెమెరాతో దిగినప్పుడు, మంచి ఫొటో లేకుండా పైకి రావడం వృథా అనిపిస్తుంది. ఇంకొక్క ఫొటో, ఇంకో నాలుగు సెకన్లు అని మనసు లాగుతుంది. మీ విషయంలో ఆ నాలుగు సెకన్లు ఏం చేస్తాయో పోయిన నెల చూశారు. పోయినా, పాడైనా, మూల పడేసినా మీరు కుంగిపోని ధర ఎంతో, మీకు సరైన సెట్టు అంతలోనే ఉంది.

మీవారి "నీ ఇష్టం" గురించి నేను ఊహించి చెప్పలేను. ఆయనకి మీరు చెప్పింది ఆ పెద్ద అంకె ఒక్కటే అయితే, ఇప్పుడు కొట్టివేతలున్న పట్టిక చూపించండి, ఏడాదికోసారి సర్వీసు, ఓ-రింగులు, బ్యాటరీల ఖర్చు కూడా కలిపి. తల వణికిన సంగతి కూడా చెప్పండి. ఆయనకి ఇంకా తెలియదేమోనని నా అనుమానం.

నిర్ణయానికి ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఎక్కడైనా వారాంతానికి హౌసింగ్ అద్దెకి దొరికితే అది తీసుకోండి. దొరక్కపోతే హౌసింగంత సైజున్న గట్టి ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకుని, నీళ్లు నింపి, అది మునగకుండా తేలకుండా ఉండేలా సరిచేయండి. తమ్ముడు పైన ఉండగా దాన్ని ఒక చేత్తో పట్టుకుని ఎనిమిది మీటర్లకి దిగి రండి. దిగేటప్పుడు డబ్బాని ఎదురుగా చాపితే ఎంత ఆపుతోందో, తొడ పక్కన పెట్టుకుంటే ఎలా ఉందో మీకే తెలుస్తుంది. వచ్చాక ఎంత ఆయాసం ఉందో చూసుకుంటే, ఏ సైజు సెట్టు మీది అన్నది ఏ అమ్మకందారుడి కన్నా బాగా తేలుతుంది. ఈలోగా సీనియర్ సెట్టు వేరేవాళ్లు కొనుక్కుంటే కొనుక్కోనివ్వండి, పాత సెట్లు ఎప్పుడూ ఎవరో ఒకరు అమ్ముతూనే ఉంటారు.

తమ్ముడు నేర్పించాడని రాశారు గానీ, మీ ఇద్దరిలో ఎవరైనా కోర్సు చేశారో లేదో రాయలేదు. స్పృహ తప్పినవాళ్లని పైకి తెచ్చి, మాస్కు తీసి, ఊపిరి అందించడం ఎలాగో పద్ధతిగా నేర్పే కోర్సులు ఉన్నాయి. చేయకపోయుంటే పట్టికలో అన్నిటికన్నా పైన అది రాయండి, ఇద్దరూ కలిసే చేరండి. ఆ ఖర్చు మాత్రం తమ్ముడితో నిక్షేపంగా సగం సగం వేసుకోవచ్చు.